నిలబడి తెడ్డు వేయడం
(ప్రాంతీయ కార్యాలయ నెలవారీ సిబ్బంది సమావేశంలో చేసిన ప్రసంగం)



రికవరీ గురించి కాకుండా వేరే ఏదైనా మాట్లాడమని డీజీఎం గారు అన్నారు. అందుకని నీళ్ల గురించి మాట్లాడతాను.

మాది గోదావరి కాలువ గట్టు మీది ఊరు. నాకు ఏడేళ్లప్పుడు మా అన్నయ్య లాకుల దగ్గర ఈతకు దిగి తిరిగి రాలేదు. ఆ తర్వాత అమ్మ నన్ను రేవు మెట్టు కూడా దిగనివ్వలేదు. నేను మా అమ్మాయిని దిగనివ్వలేదు. అలాంటి నన్ను ప్రమోషన్ మీద ఎక్కడ వేశారో తెలుసా? కొల్లంలో! ఎటు చూసినా అష్టముడి కాయలే.

సెలవులకు వచ్చిన అమ్మాయి మన్రో దీవి కాలువల్లో పాడిల్ బోర్డు ఎక్కుతానంది. వద్దన్నాను. "నాన్నా, భయం నీదా, నాదా?" అంది. జవాబు చెప్పలేకపోయాను. మర్నాడే స్విమ్మింగ్ పూల్‌లో చేరాను. అప్పటికి నాకు 49. పక్కన అంతా ఆరేళ్ల పిల్లలు. ఈత వచ్చాకే బోర్డు ఎక్కాను. మీరూ అదే వరస పాటించండి.

గాలి నింపే బోర్డు పది పదకొండు అడుగులు ఉంటుంది, మడిస్తే సంచిలో పడుతుంది. తెడ్డు మన ఎత్తుకన్నా జానెడు ఎక్కువ ఉంటే చాలు. కొత్తవాళ్లంతా దాన్ని గరిటెలా, నీళ్లు తోడేటట్టు పట్టుకుంటారు. నేనూ అంతే. తెడ్డు ఆకు వంపు ముందుకు వాలి ఉండాలి. మొదట మోకాళ్ల మీద కూర్చుని తెడ్డు వేయాలి. కుదిరాక, బోర్డు మధ్యలో ఉండే పిడికి చెరోవైపు పాదాలు పెట్టి, మోకాళ్లు కాస్త వంచి లేవాలి. చూపు దూరపు గట్టు మీద ఉండాలి. కాళ్ల వంక చూశారా, పడ్డారన్నమాటే. ఎలాగూ పడతారు కనుక, తిరిగి ఎక్కడం ముందే నేర్చుకోండి: పిడి పట్టుకుని, కాళ్లు ఆడించి ఒంటిని నీటి మీద తేల్చి, పొట్ట మీద పైకి పాకాలి.

ఇరుకు కాలువల్లో సుఖంగా ఉంటుంది. వంతెనలు ఎంత కిందికంటే, బోర్డు మీద వెల్లకిలా పడుకుని దాటాలి. ఆ ధైర్యంతో ఒక రోజు మధ్యాహ్నం ఒంటరిగా కాయల్లోకి వెళ్లాను. పొద్దెక్కాక సముద్రపు గాలి లేస్తుందని అక్కడి పడవ వాళ్లు చెబుతూనే ఉన్నారు. బ్రాంచిలో ఎవరి మాటా వినని అలవాటు నాది! నిలబడ్డ మనిషి గాలికి తెరచాపే. నేను వేసే తెడ్డు ఒకవైపు, బోర్డు పోయేది ఇంకోవైపు. హౌస్‌బోటు అలకు పడిపోయాను. గాలికి బోర్డు కొట్టుకుపోవలసిందే, కాలికి కట్టిన లీష్ ఆపింది. లైఫ్ జాకెట్ నన్ను తేల్చింది. నీళ్లలో అన్నయ్య గుర్తొచ్చాడు. ఎక్కి, ఇక లేవకుండా మోకాళ్ల మీదే గట్టు చేరాను. ఇంట్లో ఈ సంగతి చాలా రోజులు చెప్పలేదు.

అప్పటినుంచి పొద్దున్నే వెళతాను, తోడు లేకుండా వెళ్లను. పెద్ద పడవ వస్తే మోకాళ్ల మీదికి దిగి, బోర్డు ముక్కును అలకు ఎదురుగా తిప్పుతాను.

ఇక మన కాలువలు. కోనసీమలో చేయొచ్చా అని అడుగుతున్నారు. నిలకడ నీళ్లలో పనికొచ్చే కాలి లీష్ పారే నీళ్లలో ప్రమాదం. ఏ గుంజకో చిక్కుకుంటే, ప్రవాహం లాగేస్తుంటే చెయ్యి కాలిదాకా అందదు. నడుముకు కట్టుకుని ఒక్క లాగుతో ఊడిపోయేది కావాలి. గుర్రపుడెక్క ఉన్నచోట బోర్డు అడుగున ఉండే రెక్క చిక్కుకుంటుంది. కాలువలు నిండుగా పారుతున్నప్పుడు లాకుల దగ్గరికీ, తూముల దగ్గరికీ వెళ్లకండి. ఆ మాట చెప్పడానికే ఈ మైకు ముందు నిలబడ్డాను.

మా అమ్మకు ఇప్పుడు 81. పోయిన సంక్రాంతికి ఊరి చెరువులో నేను తెడ్డు వేస్తుంటే గట్టు మీద కుర్చీ వేయించుకుని కూర్చుంది. ఏమీ అనలేదు. నేను ఒడ్డెక్కేదాకా లేవలేదు.

బోర్డు నా దగ్గర ఒకటే ఉంది. ఆదివారం ఆరింటికి రాదలచినవాళ్లు ముందుగా చెప్పండి. ఈత రాదన్నవాళ్లకు పూల్ అడ్రసు ఇస్తాను.