సారు నోటుబుక్కు

(అనంతపురంలో ఒక న్యాయవాది సంస్మరణ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంతవరకు మాట్లాడినవాళ్లంతా సారును మంచి కుటుంబీకుడు, నెమ్మదస్తుడు అన్నారు. నిజమే. అయితే భర్త వదిలేసిన ఆడవాళ్లకు ఆయన కోర్టులో ఏం చేశారో వివరంగా చెప్పకపోతే అది ఉత్త పొగడ్తగానే మిగులుతుంది. పేరు పత్రికకెక్కడం ఆయనకు గిట్టేది కాదు. అందుకే నేనూ సారు అనే అంటాను.

మా సంఘానికి వచ్చేవాటిలో ఎక్కువ మనోవర్తి కేసులే. అప్పట్లో క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ కింద నెలకు 500 రూపాయలకు మించి ఇప్పించే వీలు లేదు. 1955లో పెట్టిన ఆ పరిమితి 2001 దాకా అలాగే ఉంది. ధరలు ఎన్ని రెట్లు పెరిగినా ఆడదాని కడుపుకు మాత్రం అది చాలన్నమాట! ఆర్డరు వచ్చినంత మాత్రాన ఆ డబ్బయినా చేతికి రాదు. రెండు నెలలు కట్టి భర్త మానేస్తాడు. వసూలుకు మళ్లీ పిటిషన్ వేయాలి. బకాయి పడిన నాటి నుంచి ఏడాదిలోపు వేయకపోతే ఆ సెక్షన్ కింద ఆ సొమ్ము పోయినట్టే. ఆర్డరు కాపీ చేతికిచ్చి ఫైలు కట్టేసే వకీళ్లను చాలామందిని చూశాం. సారుకు అసలు కేసు అక్కడ మొదలయ్యేది.

ఆయన దగ్గర ఒక పొడుగాటి నోటుబుక్కు ఉండేది. ఒక్కో మనిషికి ఒక్కో పేజీ. ఏ నెల డబ్బు వచ్చింది, ఏ నెలది రాలేదు, పిటిషన్‌కు ఆఖరు తేదీ ఎప్పుడు, అన్నీ అందులో ఉండేవి. గడువుకు రెండు నెలల ముందే ఆమెకు పోస్టుకార్డు వెళ్లేది. కళ్యాణదుర్గం వైపు నుంచి, తాడిపత్రి వైపు నుంచి ఆ కార్డు పట్టుకుని బస్సు దిగేవాళ్లు.

ఆ కార్డులు రాసింది సారు కాదు, ఆయన భార్య, మా అక్క. గుమాస్తాను పెట్టుకునే రాబడి లేదు. ముందు గదిలో ఆఫీసు, వెనక కాపురం. పొద్దున్నే వచ్చినవాళ్లకు ఇంత తిండి పెట్టి, పిల్లల్ని బడికి పంపి, కాగితాలు వరస పెట్టేది. సారు తీసుకోని ఫీజును ఇంటి ఖర్చులో సర్దుకున్నదీ ఆమే. ఈ రోజు వేదిక మీద ఆమెకు కుర్చీ వేయలేదు, కింద ముందు వరసలో కూర్చోబెట్టాం.

ధర్మవరం కేసు ఒకటి చెప్తాను. భర్త పట్టుచీరలు నేస్తాడు. నాకు రాబడే లేదని కోర్టులో చెప్పాడు. సారు ఆ పిల్లను అడిగారు, "కూలి లెక్క ఎక్కడ రాస్తారమ్మా?" అని. షావుకారు దగ్గర పుస్తకం ఉందంది. ఆ పుస్తకాన్నే కోర్టుకు తెప్పించారు. చీర చీరకూ ఇచ్చిన కూలి అందులో ఉంది. పక్కన భర్త సంతకాలు. ఇక బుకాయించడానికి ఏముంది?

ఆయనతో మాకు తగాదాలూ ఉండేవి. 1983లో వచ్చిన 498-ఎ సెక్షన్ వాడాలంటే వెనకాడేవారు. "వాడు జైలుకు పోతే ఈమెకు బియ్యం ఎవరు పోస్తారు?" అనేవారు. ముందు దెబ్బలు ఆగాలి కదా అని మేం. రాజీ చేసి పంపిన ఒకామె మూడు నెలలకే వాతలతో తిరిగొచ్చింది. ఆ సంగతిలో సారుతో నేను ఈనాటికీ ఏకీభవించను.

ఇంట్లో మాత్రం మాటకు కట్టుబడ్డారు. 1986లో రాష్ట్రం తెచ్చిన సవరణతో పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో భాగం వచ్చింది. చిన్నమ్మాయికి కొడుకుతో సమానంగా పెట్టారు. పెద్దమ్మాయికి అప్పటికే పెళ్లయింది కాబట్టి ఆ చట్టం వర్తించదు. సారు తన వాటాలోంచి ఆమెకు రిజిస్టరు చేయించారు. పెళ్లికి ఖర్చుపెట్టాం కదా అన్న బంధువులు కొన్నేళ్లు ఆ గడప తొక్కలేదు.

500 పరిమితి 2001లో పోయింది. 2024 జూలై 1 నుంచి ఆ కోడే పోయి నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. 125 ఇప్పుడు 144 అయింది. ఏడాది గడువు మాత్రం అందులోనూ ఉంది.

నోటుబుక్కును అక్క మా ఆఫీసుకు ఇచ్చింది. సారు ఆసుపత్రిలో ఉన్న నెలల్లో కొన్ని పేజీలు నింపకుండా ఉండిపోయాయి. వచ్చే నెల మొదటి వారంలోనే ఒకామె గడువు తీరుతుంది. ఇక్కడున్న యువ న్యాయవాదుల్లో ఆ పేజీలు పంచుకునేవాళ్లు సభ అయ్యాక నా దగ్గర పేర్లు రాయించండి.