ఉపగ్రహములు చెప్పు జాడ: అది యెప్పుడు తప్పును?



గుంటూరు మిర్చి యార్డులో ఒక లారీ నిలిచియున్నదనుకొనుడు. హమాలీలు బస్తాలు దించుచున్నారు. ఆ సమయముననే యజమాని తన ఫోను చూడగా లారీ 3 కిలోమీటర్ల దూరమున నున్నట్లు చుక్క కనబడును. మరునిమిషమున ఆ చుక్క మరల యార్డునకే వచ్చును. "డీజిలు ఎవరికి పోసితివిరా?" అని యజమాని గద్దించును. "బండి కదలలేదండీ" అని డ్రైవరు మొత్తుకొనును. యంత్రమునకు అబద్ధమాడవలసిన పనియేమి అని మధ్యవర్తులు యజమాని వైపే మొగ్గుదురు. జీతములో కోత పడును. లారీలకు, బడిబస్సులకు, అద్దె ట్రాక్టర్లకు ట్రాకర్లు బిగించుచున్న యీ దినములలో ఇట్టి తగవు ఏ యూరనైనను రావచ్చును.

నిజమునకు ఆ పెట్టె స్థలమును చూడదు. కాలమును కొలిచి, దానినుండి స్థలమును లెక్కకట్టును. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగు జి.పి.ఎస్. ఉపగ్రహములలో అణుగడియారములు కలవు. ఒక్కొక్క ఉపగ్రహము తానున్న చోటును, తన గడియారపు వేళను రేడియో తరంగముల మీద చాటుచుండును. ఆ మాట చేరుటకు పట్టిన కాలమును బట్టి పెట్టె దూరము కట్టును. పొలమున రెండు సర్వేరాళ్ళనుండి గొలుసు లాగి మూడవ బిందువును గుర్తించుట వంటిదే యిది. అయితే ఇచ్చట రాళ్ళు ఆకాశమున పరుగెత్తుచుండును. గొలుసు కాలముతో అల్లబడినది. తరంగము సెకండునకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోవును గనుక, సెకండులో పదిలక్షలవ వంతు పొరపడినచో దూరము 300 మీటర్లు తప్పును. పెట్టెలోని గడియారము చౌకరకపుది. దాని తప్పును కూడ సవరించుకొనవలెను గనుక మూడు చాలక నాలుగు ఉపగ్రహములు కావలసివచ్చినవి.

ఎత్తైన మేడల నడుమ తరంగము గోడను తాకి చుట్టుదారిన వచ్చును. అది ప్రతిధ్వని వంటిది. అప్పుడు దూరము పెరిగినట్లు తోచి, చుక్క ప్రక్కవీథికి జరుగును. ఇది పదుల మీటర్ల మాట.

డ్రైవర్లకు ఎక్కువ చిక్కు తెచ్చునది వేరొకటి. బండి రేకుల షెడ్డు క్రిందికి పోయినపుడు ఉపగ్రహపు మాట సరిగా అందదు. అప్పుడు పలు ట్రాకర్లు ఊరకుండక, తమకు అందిన సెల్ టవరును బట్టి స్థలమును తెలుపును. టవరు కిలోమీటర్ల దూరమున నుండవచ్చును. చుక్క అటు దుమికి, బండి వెలుపలికి రాగానే వెనుకకు దుమికును. ఏ జాడయు దొరకని కొన్ని పరికరములు అక్షాంశము సున్న, రేఖాంశము సున్న అని వ్రాసి పంపును. ఆ రెండు సున్నలు కలియు చోటు ఆఫ్రికా పశ్చిమతీరమున గినీ సింధుశాఖలోని నీళ్ళు! ఖాళీగా విడువవలసిన గడిలో సున్న వేసిన లెక్క ఇట్లే యుండును.

కొన్నిమారులు తప్పు ఆకాశముననే పుట్టును. 2004 జనవరి 1న ఒక జి.పి.ఎస్. ఉపగ్రహపు గడియారము చెడి, దానినుండి కట్టిన దూరము రెండు వందల కిలోమీటర్లకు పైగా తప్పెను. మన శ్రీహరికోట నుండి 2013 జులై 1న పంపిన ఐ.ఆర్.ఎన్.ఎస్.ఎస్.-1ఎ ఉపగ్రహములోని మూడు గడియారములును తరువాత ఆగిపోయినవి. ఉపగ్రహము తిరుగుచునే యున్నను స్థలము చెప్పుటకు పనికిరాకపోయెను.

సూర్యుని ప్రకోపము మరియొక కారణము. భూమి మీది వాయుమండలపు పై భాగమున విద్యుదావేశము గల పొర కలదు. సూర్యుడు అలజడి చేసినపుడు ఆ పొర కలత చెంది తరంగములను ఆలస్యము చేయును. 2024 మే 10న వచ్చిన సౌరతుఫానులో అమెరికా రైతులు కొందరు, ట్రాక్టర్లకు దారి చూపు పరికరములు తప్పుటచే, అదను నడుమ విత్తుట ఆపుకొనిరి. మన దేశము భూమధ్యరేఖకు చేరువ నుండుటచే ఈ కలత మనకు సాయంకాలము తరువాత ఎక్కువ. విమానముల కొఱకు 'గగన్' అను దిద్దుబాటు ఏర్పాటును ఇస్రో, విమానాశ్రయ సంస్థ కలిసి చేసినవి.

ఇక మానవుల మాయ. 2017 జూన్‌లో నల్లసముద్రమున ఇరువదికి పైగా ఓడలు, తాము గెలెంజిక్ విమానాశ్రయమున నున్నట్లు తమ పరికరములలో చూచుకొనినవి. ఎవరో బలమైన దొంగ సంకేతములను పంపిరని నిపుణులు తలచిరి. మయసభలో నేలను నీరనుకొనిన దుర్యోధనుని పాటు నావికులకు పట్టెను. యజమానుల అనుమానమునకును ఆధారము లేకపోలేదు. అమెరికాలో ఒక డ్రైవరు, యజమానికి తన జాడ తెలియకుండుటకు సంకేతములను అడ్డు పరికరము పెట్టుకొని నూఅర్క్ విమానాశ్రయపు పనికే చెరుపు చేయగా, 2013లో అతనికి భారీ జరిమానా పడెను. కాని అట్టి అడ్డు సాధారణముగా జాడను మాయము చేయును. ఒక్క నిమిషములో దూరము పంపి తిరిగి రప్పించుట దాని లక్షణము గాదు.

మిర్చి యార్డు లారీ సంగతి లెక్క వేసి చూతురుగాక. నిమిషములో 3 కిలోమీటర్లనగా గంటకు 180 కిలోమీటర్ల వేగము. మరునిమిషమున అంతే వేగముతో తిరిగి రావలెను. బస్తాల లారీకి అది సాధ్యమా? చుక్క దుమికిన ప్రతిసారియు ఒకే చోటికి పోవుచున్నచో అచ్చట సెల్ టవరు కలదేమో విచారింపవలెను. ఆ నిమిషమున ఇంజను నడిచినదా, ఎన్ని ఉపగ్రహములు అందినవి అను వివరములు చాల ట్రాకర్ల చిట్టాలో నుండును. యజమాని అడిగినచో ట్రాకరు అమ్మినవారు తీసి చూపగలరు. అంతవరకును ఆగలేనివారు డీజిలు ట్యాంకులో పుల్ల ముంచి చూచినను తగవు అచ్చటనే తేలిపోవును.