దారిపక్క రాయి ఎవరి పేరు చెబుతుంది?

(సూరత్‌లోని తెలుగువారి ధమ్మసభలో చేసిన ప్రసంగ పాఠం)



గ్రంథాలయం గడప తొక్కనివారు సైతం చదివే చరిత్ర పుస్తకం ఒకటున్నది. అది దారిపక్కన నాటిన ఫలకం. పనికి పోయే కార్మికుడు, బడికి పోయే బాలిక నడుస్తూనే దానిని చదువుతారు. అందుచేత ఆ ఫలకం మీద ఎవరి పేరు ఉన్నదో గమనించాలి. ఎవరి పేరు లేదో మరింతగా గమనించాలి.

మనం నివసిస్తున్న ఈ సూరత్‌నే చూడండి. కతార్‌గాం దర్వాజా ప్రాంతంలో ఆంగ్లేయుల, డచ్చివారి సమాధులున్నాయి. 1669లో మరణించిన జార్జ్ ఆక్సెండెన్, 1691లో మరణించిన వాన్ రీడ్ పేర్లు అక్కడ నిలిచి ఉన్నాయి. ఆ కట్టడాలను పురావస్తు శాఖ సంరక్షిస్తున్నది. సంరక్షించవలసినవే. కాని వారిని ఇంతదూరం రప్పించినదేమిటి? నూలుబట్ట వ్యాపారం. ఆంగ్లేయులు 1611లో మన మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టుకున్నారు. అనతికాలంలోనే సూరత్‌లోనూ నిలదొక్కుకున్నారు. బట్ట కొన్నవాని సమాధి మీద గుమ్మటం లేచింది. బట్ట నేసినవాని పేరు ఆ రాళ్లకు తెలియదు.

చరిత్ర ఎప్పుడూ ఇట్లాగే సాగిందా? లేదు. మన దేశంలో ఈ సంప్రదాయానికి తొలి రోజులలో ఉన్న స్వరూపం వేరు. అశోకుడు పట్టాభిషిక్తుడైన ఇరవై ఏళ్లకు స్వయంగా లుంబినికి వెళ్లి శిలాస్తంభం నిలిపాడు. శాక్యముని బుద్ధుడు ఇక్కడ జన్మించాడని దాని మీద చెక్కించాడు. అంతటితో ఆగలేదు. లుంబిని గ్రామానికి బలి అనే పన్నును రద్దుచేసి, పంటలో రాజభాగాన్ని ఎనిమిదో వంతుకు తగ్గించిన సంగతినీ ఆ స్తంభం మీదనే రాయించాడు. ఒక స్థలాన్ని గౌరవించడమంటే ఆ స్థలంలో బతికే మనుషుల బరువు దించడం కూడా అని ఆ స్తంభం బోధిస్తున్నది.

ఇదే గుజరాత్‌లో, జునాగఢ్ నుంచి గిర్నార్ కొండకు పోయే దారిపక్కన అశోకుని పద్నాలుగు శాసనాలు చెక్కిన బండ ఉన్నది. కర్నూలు సీమలోని ఎర్రగుడి బండల మీదా ఆ శాసనాలే ఉన్నాయి. దారుల వెంట బావులు తవ్వించడం, చెట్లు నాటించడం, మనుషులకూ పశువులకూ వైద్యం అందించడం వాటి రెండవ శాసనంలోని విషయం. కాబట్టి తెలంగాణ, ఆంధ్ర ప్రాంతాల నుంచి వచ్చిన మనం ఈ నేలకు ధమ్మరీత్యా పరాయివాళ్లం కాము. ఆ ఊరిలోనూ ఈ ఊరిలోనూ రాయి పలికినది ఒకే మాట.

ఇక అమరావతికి రండి. ఆ మహాస్తూపానికి దానమిచ్చినవారిలో విధికుడనే చర్మకారుడు ఉన్నాడు. పూర్ణఘటం చెక్కిన శిలాఫలకాన్ని కుటుంబంతో, బంధుమిత్రులతో కలిసి సమర్పించినట్లు శాసనం చెబుతున్నది. అందులో అతని వృత్తి దాచబడలేదు, అవమానంగానూ రాయబడలేదు. తోలుపని చేసినవాని పేరు సంఘం సాక్షిగా రాతికెక్కింది. తరువాతి శతాబ్దాలలో ఆ వృత్తివారిని ఊరి వెలుపలికి నెట్టిన సమాజానికి ఆ రాయే జవాబు.

ఆ జవాబును ఆధునిక కాలంలో పూర్తిచేసినవారు బాబాసాహెబ్. 1917లో విదేశాలలో చదువుకొని తిరిగివచ్చి బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వచ్చిన ఆయనకు అంటరానివాడన్న కారణంగా తలదాచుకొనే చోటు దక్కలేదు. బసచేసిన పార్సీ సత్రం నుంచి వెళ్లగొట్టబడి వడోదరలోని ఉద్యానవనంలో కూర్చున్నారు. ఆ తావు నేడు సంకల్పభూమిగా ప్రసిద్ధి. విజయాన్ని స్మరించే స్థలాలు ఎన్నో ఉన్నాయి. ఒక అవమానాన్ని స్మరించి, దానినుంచి పుట్టిన దీక్షను చాటే స్థలాలు అరుదు. మన పిల్లలను అక్కడికి తీసుకువెళ్లండి.

చివరిగా మన కర్తవ్యం. వరంగల్, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల నుంచి వచ్చి లింబాయత్ పరిసరాలలో మగ్గాల మీద జీవితాలు గడిపిన పెద్దలు మన మధ్య ఉన్నారు. ఏ ఏట వచ్చారు, ఏ ఊరినుంచి వచ్చారు, ఏ పని చేశారు అన్నది వారు ఉండగానే అడిగి రాసిపెట్టండి. మన సమావేశ మందిరాల ముందు ఫలకం పెట్టినప్పుడు విరాళమిచ్చిన ధనికుని పేరుతోపాటు ఇటుక మోసిన కూలీ పేరూ చేర్చండి. తెలుగులోనూ గుజరాతీలోనూ రాయండి. మన మాట ఇరుగుపొరుగుకూ అందాలి.

ఒక హెచ్చరిక. ప్రతి పాత దిబ్బనూ స్తూపమనీ, ప్రతి పాత విగ్రహాన్నీ బుద్ధుడనీ తొందరపడి రాయకండి. పదిమంది అన్నారని నమ్మవద్దని కాలాములకు తథాగతుడు చెప్పాడు. ఆధారం లేని గొప్ప ఒకటి బయటపడితే ఆధారమున్న తొమ్మిది నిజాలనూ లోకం శంకిస్తుంది. మనకు కట్టుకథల అవసరం లేదు. విధికుని పేరు చాలు.

భవతు సబ్బ మంగళం.