తల్లికి అర్థం కాని అనుమతి

(యానాంలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



యానాంకు కల్యాణపురమన్న పేరు ఎందుకు వచ్చిందో ఇక్కడి పెద్దలకు నేను చెప్పనక్కరలేదు. యువతరం కోసం చెబుతాను. 1929లో బ్రిటిషు ఇండియాలో వచ్చిన శారదా చట్టం 14 ఏళ్ళలోపు ఆడపిల్లల పెళ్ళిళ్ళను నిషేధించింది. ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న యానాంకు ఆ చట్టం వర్తించదు. చుట్టుపక్కల తెలుగువారు పిల్లలను ఇక్కడికి తీసుకువచ్చి, పెళ్ళి జరిపించి, తిరిగి వెళ్ళిపోయేవారు. బిడ్డలను కాపాడవలసిన చట్టం ఊరి పొలిమేరలో ఆగిపోతే ఏమవుతుందో మనకు తెలిసినంతగా ఇతరులకు తెలియదు.

ఇప్పటి అపాయం అంతర్జాలం గుండా వస్తున్నది. 16 ఏళ్ళలోపు పిల్లలకు సామాజిక మాధ్యమాలలో ఖాతాలు ఉండరాదన్న చట్టాన్ని ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి అమలులో పెట్టింది. అటువంటి కట్టడిని తామూ పరిశీలిస్తున్నామని 2026 జనవరిలో ఆంధ్రప్రదేశ్ మంత్రి నారా లోకేశ్ అన్నారు. మంచిదే. కాని ఒక రాష్ట్రం పెట్టే కట్టడి మన వీధి చివర ఆగిపోతుంది. మనం పుదుచ్చేరి వారం. పైగా టెలిఫోన్లు, ప్రసారాలు, ఇతర సమాచార సాధనాలు రాజ్యాంగంలోని కేంద్ర జాబితాలో 31వ అంశం. కాబట్టి చూడవలసినది ఢిల్లీ చట్టాల వైపు.

చట్టాలు లేవా అంటే ఉన్నవి. సమాచార సాంకేతిక చట్టంలో 67బి సెక్షను ఉన్నది, 2012 నాటి పోక్సో చట్టం ఉన్నది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. 18 ఏళ్ళలోపు వారి సమాచారం వాడుకోవడానికి తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలని దాని 9వ సెక్షను చెబుతున్నది. 2025 నవంబరులో నియమాలు వెలువడినవి. ఈ భాగం అమలుకు మాత్రం 18 నెలల గడువు పెట్టారు.

అనుమతి ఏ భాషలో? ఇంగ్లీషులో గాని, ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలో గాని చదువుకొనే వీలు కల్పించాలన్నది చట్టం. అంటే తెలుగులో అడిగే హక్కు మనకు ఉన్నది. కాని తెర మీద ముందు కనిపించేది ఇంగ్లీషే అయితే, తెలుగు ఎక్కడున్నదో వెదికి పట్టేదెవరు? ఇంగ్లీషు బడికి పోయే కొడుకే. ఎవరికోసం అనుమతి అడుగుతున్నారో ఆ పిల్లవాడే తల్లికి దుబాసీ! వాడు "ఇక్కడ నొక్కమ్మా" అంటే ఆమె నొక్కుతుంది. దీనిని తల్లి అనుమతి అనడానికి న్యాయవాదిగా నాకు మనసొప్పదు.

ఆపద జరిగిన తరువాత సంగతి ఇంకా బరువైనది. బిడ్డ ఇచ్చే ఫిర్యాదును ఆ బిడ్డకు అర్థమయ్యే తేలిక భాషలో రాయాలని, రాసే భాష బిడ్డకు రానిదైతే అనువాదకుని ఏర్పాటు చేయాలని పోక్సో 19వ సెక్షను ఆదేశం. వాంగ్మూలాన్ని బిడ్డ పలికినది పలికినట్టు రాయాలన్నది 26వ సెక్షను. ఇంత చక్కని భాషా హక్కు మన చట్టాలలో అరుదు. ఆచరణ వేరు. నేను హాజరైన ఒక కేసులో (ఊరు, పేరు చెప్పను, బిడ్డ ఆనవాళ్ళను 23వ సెక్షను కాపాడుతున్నది) పాప అన్నది ఇది: "ఫొటో పంపమన్నాడు, పంపకపోతే నాన్నకు చెప్తానన్నాడు." కాగితం మీదికి వచ్చేసరికి అది ఇంగ్లీషులో "ఫొటో పంపినది" అన్న ఒక్క ముక్క అయింది. బెదిరింపు మాయమై, తప్పు పాపదన్నట్టు మిగిలింది. ఆ రెండు మాటలను తిరిగి రాతలోకి ఎక్కించడానికి ఎన్ని వాయిదాలు తిరిగానో!

మాటల సంగతి వచ్చింది కనుక మరొకటి. యానాం కోర్టులకు పైన ఉన్నది మద్రాసు హైకోర్టు. పిల్లల లైంగిక దృశ్యాలను ఫోనులోకి దింపుకొని చూసినంత మాత్రాన నేరం కాదని 2024 జనవరిలో ఆ కోర్టు ఒక కేసు కొట్టివేసింది. సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దుచేసింది. "చైల్డ్ పోర్నోగ్రఫీ" అన్న మాటనే కోర్టులు వాడరాదన్నది. అది బిడ్డపై జరిగిన నేరానికి సాక్ష్యం గాని వినోదం కాదని దాని భావం. మన పత్రికలు మాత్రం "బాలల అశ్లీల చిత్రాలు" అని రాస్తూనే ఉన్నవి. "బాలలపై లైంగిక దోపిడీ దృశ్యాలు" అని రాస్తే పోయేదేమున్నది? పదకోశాలు కూర్చే మన మిత్రులు ముందుగా పూనుకోవలసిన పని ఇది.

1965 నాటి పుదుచ్చేరి అధికార భాషా చట్టం యానాంలో తెలుగుకు చోటిచ్చింది. పోక్సో గురించి పిల్లలకు, తల్లిదండ్రులకు తెలిసేలా ప్రచారం చేసే బాధ్యతను 43వ సెక్షను ప్రభుత్వాల మీదనే పెట్టింది. ఈ రెండూ కలిపి చదివితే, యానాం బడులలో ఆ ప్రచారం తెలుగులో జరగవలసిందే. మన వినతిపత్రంలో ఇదే మొదట అడిగాం. యానాంలో పోక్సో వాంగ్మూలం తెలుగు లిపిలోనే నమోదు కావాలని, ఇంగ్లీషు ప్రతి దాని వెంట రావాలే గాని దాని స్థానంలో రాకూడదని రెండవ కోరిక. అనుమతి పత్రం ఫోనులో ఏ భాష ఉంటే ఆ భాషలోనే తెరుచుకోవాలన్నది ఢిల్లీకి పంపుతున్నాం. ప్రతులు ద్వారం దగ్గరి బల్ల మీద ఉన్నవి. సంతకం చేసే ముందు ఇంట్లో ఆడవారికి చదివి వినిపించండి. ఎక్కడైనా అర్థం కాలేదంటే ఆ వాక్యం కింద గీత గీసి తెచ్చి ఇవ్వండి, మార్చి రాస్తాను.