గర్భిణియు, మధుమేహమును



మన యిండ్లలో గర్భిణి యేమి తినవలెనో, వైద్యుని కడకు ఎప్పుడు పోవలెనో నిర్ణయించువారు తఱచుగా పెద్దలే. కావున ఈ నాలుగు మాటలు ముందుగా మీకే విన్నవించుచున్నాను.

మనము తిన్న అన్నము చక్కెరగా మారి రక్తములో చేరును. దానిని దేహమునకు వినియోగపఱచునది ఇన్సులిన్ అను రసము. నెలలు నిండుచున్నకొలది మావినుండి పుట్టు కొన్ని రసములు దీని పనికి అడ్డుపడును. అప్పుడు కొందఱు స్త్రీలకు రక్తములో చక్కెర పేరుకొనును. ఇది వారి తప్పు గాదు, దృష్టిదోషమును గాదు.

ఆ చక్కెర మావిని దాటి శిశువును చేరును. శిశువు మితిమీఱి బలియును. బిడ్డ బొద్దుగా నున్నాడని మనము మురియుదుము గాని, ప్రసవము కష్టమగును; పుట్టిన కొన్ని గంటలలోనే బిడ్డకు చక్కెర పడిపోయి అపాయము కలుగవచ్చును.

దాహము, అతిమూత్రము లేకున్నను ఈ వ్యాధి యుండవచ్చును. పరీక్షయే దారి. గర్భము తెలిసినంతనే ఒకసారి, 24 మొదలు 28 వారముల నడుమ మఱల నొకసారి చేయింపవలెను. 75 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి త్రాగించి, రెండు గంటల పిదప రక్తము చూతురు. 140 మిల్లీగ్రాములుగాని అంతకు మించిగాని యున్నచో వ్యాధి యున్నట్లే.

అంతమాత్రమున కోడలిని పస్తులుంచరాదు. ఇద్దరి తిండి తినుమని బలవంతపెట్టనురాదు. అన్నము తగ్గించి, పప్పు, ఆకుకూరలు, మజ్జిగ హెచ్చించి, కొంచెము కొంచెముగా పలుమాఱు పెట్టవలెను. రాగులైనను జొన్నలైనను కొలత మీఱినచో చక్కెరయే యగును. శ్రీమంతమునాడు చలిమిడి చిటికెడు నోట పెట్టి, తక్కినది పేరంటాండ్రకు పంచుడు. వైద్యులు సమ్మతించినచో దినమున కరగంట నడక మేలు.

రెండు వారములిట్లు నడచినను, భోజనమైన రెండు గంటలకు చక్కెర 120కి లోబడనిచో ఔషధము తప్పదు. ఇన్సులిన్ సూదికి జంకకుడు. 1921లో టొరాంటో నగరమున దానిని కనుగొనకమున్ను మధుమేహము గల స్త్రీకి గర్భము ప్రాణసంకటముగా నుండెడిది. ఈ మందు మావిని దాటి బిడ్డను చేరదు.

ప్రసవముతో ఈ వ్యాధి సాధారణముగా తొలగును. కాని తరువాతి కాలమున మరలి వచ్చుట కలదు. ఆఱు వారములకు బాలెంతకు మఱల పరీక్ష చేయింపుడు. మనుమని ముద్దుముచ్చటలలో వాని తల్లిని మఱవకుడు.

సెలవు.