నాణెము చెప్పు సత్యము



పైకి కనిపించునదియు లోపల నున్నదియు ఒక్కటిగా నుండుటయే సత్యము. ఆ ధర్మమును నేడు ఈ ఓరుగంటి వేదికపై వెండినాణెము దృష్టాంతముగా విన్నవించెదను.

మన నల్లగొండ ప్రాంతమున అక్కెనపల్లిలో 1500లకు పైగా రోమను వెండినాణెముల నిక్షేపము లభించినది. అందు అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల నాణెములే అధికము. వారి నాటి నాణెమున నూటికి 95 పాళ్ళకు మించి వెండి యుండెడిది. సముద్రముల కావల ముద్రించిన దానిని మనవారు నమ్మి పుచ్చుకొనిరన్నచో, అది అందలి వెండి మహిమ.

కాలక్రమమున రోమునకు యుద్ధములు, సైనికుల జీతములు భారమైనవి. క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి ఒక పౌనునకు 84 బదులు 96 నాణెములు కొట్టించి, రాగిపాలును హెచ్చించెను. 268లో గాలియనస్ పాలన ముగియునప్పటికి నూటికి 5 పాళ్ళు కూడ వెండి లేదు. రాగిబిళ్ళపై పలుచని వెండిపూత! చక్రవర్తి ముఖము మాత్రము పైన వెలుగుచునే యుండెను. 260లో రోము ఏలుబడిలోని ఈజిప్టున, ఆక్సిరింకస్ పట్టణమందు, నాణెములు మార్చు వర్తకులు చక్రవర్తుల నాణెములను నిరాకరించి అంగళ్లు మూసివేసిరి. తెరచి పుచ్చుకొనుడని అధికారి ఆజ్ఞాపించెను. ఆజ్ఞ తలుపులను తెరిపించును గాని, నమ్మకమును పుట్టింపగలదా?

మరి వెండిలో రాగి కలుపుటయే పాపమా? కాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున వెండిపణమునందు నాలుగవవంతు రాగి, ఒక మాషము ఇనుము, తగరము, సీసము, అంజనములలో నొకటి కలుపుమని విధించెను. నాణెములను పరీక్షించుటకు రూపదర్శకుడను అధికారిని నియమింపుమనెను. చెప్పి కలిపినది విధి. దాచి కలిపినది వంచన. తూనికలను, కొలతలను ఆరు మాసముల కొకసారి రాజు పరీక్షింపవలెనని మనుధర్మశాస్త్రము చెప్పుటకును ఇదియే కారణము.

నాయనలారా! అమ్మలారా! మనయందును రాగి కలదు. కామక్రోధములు లేని గృహస్థుడెవ్వడు? దానిని ఒప్పుకొని స్వామి ఎదుట నిలుచువాని భక్తి చెల్లును. నుదుట విభూతి ధరించి తూకమున తగ్గించువాడు, ప్రదక్షిణములు చేసి వచ్చి అప్పు ఎగవేయువాడు వెండిపూత నాణెమువంటివారు. మన పెద్దలు రూపాయిని రాతిపై మోగించి చూచెడివారు. కష్టకాలము మనలను అట్లే మోగించును.

అమ్మవారి హుండీలో కానుక వేయునపుడు నాణెముతోపాటు వేయుచున్న చేతిని కూడ ఒకసారి పరీక్షించుకొనుడు.

స్వస్తి.