గెట్టు పంచాయితీ నడుమ పోలీసు

దేవరుప్పుల మండలమందలి కడవెండిలో 1946 జూలై 4న విసునూరు దేశ్‌ముఖు మనుషుల తుపాకిగుండునకు తెలంగాణ రైతాంగ పోరాట యోధుడు దొడ్డి కొమరయ్య నేలకొరిగెను. కలహము ప్రాణహానికెంత చేరువయో ఆ నేల ఎరుగును. నేడచట గెట్టు పంచాయితీకి పోయిన కానిస్టేబులు లాఠీ ఎత్తక, గొడ్డలి పట్టినవానికి రెండు బారల ఎడముగా నిలిచి, తన చేతులు కనబడునట్లుంచి, తగవులాడు అన్నదమ్ములను ఒకరి కంట ఒకరు పడకుండ విడదీసి, ఒక్కొక్కని మాట తుదివరకు వినవలెను. ఎదుటివాడు అరచినకొలది తన గొంతు తగ్గించుట అభ్యాసమున గాని అలవడదు. కావున పోలీసు శిక్షణలో ఉపన్యాసములు చాలవు, సాటి శిక్షణార్థులే తగవులాడువారి వేషము కట్టి నిజముగా కేకలు వేయుచుండగా పలుమారు సాధన చేయింపవలెనని నా దృఢవిశ్వాసము. గెట్టెవరిదో తేల్చుట మాత్రము న్యాయస్థానము పని. శాంతిభంగము తప్పదని తోచినచో, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 164వ సెక్షను ననుసరించి కార్యనిర్వాహక మేజిస్ట్రేటునకు పోలీసులు నివేదింపవచ్చును.